అయిదూళ్ల పెట్టె

ఆయుధపూజ నాడు ఆ పరిశోధన కేంద్రంలో బొట్టు పడని వస్తువు లేదు. మైక్రోస్కోపుకి పెట్టారు, క్యాంటీన్ గ్రైండరుకి పెట్టారు, వాచ్‌మన్ టార్చిలైటుకి పెట్టారు. ఎవరు చేశారో గానీ డైరెక్టర్ దీక్షితులుగారి కళ్లజోడు కాడకి కూడా పసుపు అంటింది. ఆయన అది చూసుకోకుండా మధ్యాహ్నం దాకా అలాగే తిరిగారు. ఇక మిగిలింది ఏసీ గదిలోని నల్ల పెట్టె. దానికి బొట్టు పెట్టే హక్కు తనదేనని తరళ పొద్దుటి నుంచీ కుంకుమ భరిణె ఎవరికీ ఇవ్వలేదు.

హక్కు తనదే, కాదనేవాళ్లెవరు? పన్నెండేళ్ల ఆ పిల్లకి గడిచిన మూడేళ్ల జ్ఞాపకాలన్నీ ఉన్నది ఆ పెట్టెలోనే.

"అమ్మా, లోపల అయిదుగురున్నారని చెప్పావు కదా. అయితే అయిదు బొట్లు పెట్టాలి," అంది తరళ.

"పెట్టు మరి," అంది హైమ.

"ఎక్కడ పెట్టను? పెట్టె ఒక్కటేగా ఉంది?"

హైమకి నవ్వొచ్చింది. ఆ పిల్లకి తల్లీ ఆమే, ఆ పెట్టెకి తల్లీ ఆమే. "అందరూ ఒకే ఇంట్లో సర్దుకుంటున్నారే, ప్రస్తుతానికి," అంది.

"పాపం, కాళ్లు చాపుకోడానికైనా ఉండదేమో," అని తరళ జాలిపడి, పెట్టె ముందువైపు వరసగా బొట్లు పెట్టుకుంటూ పోయింది. "ఇది విజయనగరం. ఇది కాకినాడ. ఇది వరంగల్. ఇది నెల్లూరు." అయిదో బొట్టు మాత్రం మిగతావాటికి ఎడంగా, అంచున పెట్టింది. "ఇది కడప. ఎప్పుడూ లేటుగా వస్తాడు కదా, అందుకని."

గదిలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. హైమ దగ్గర పనిచేసే ఇమ్రాన్ అయితే చప్పట్లు కొట్టాడు. ఒక మూల ఏసీ నుంచి నీటిచుక్కలు కింద పెట్టిన ఆకుపచ్చ బకెట్‌లో టప్ టప్‌మని పడుతున్నాయి. ఆ ఏసీ పైపు ఎప్పుడో పూడుకుపోయింది. ప్రస్తుతానికి అని బకెట్ పెట్టారు.

*

తరళకి తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. పిల్ల దక్కింది. కానీ ఆనాటి నుంచి కొత్త సంగతి ఏదీ బుర్రలో నిలవడం మానేసింది. అంతకు ముందువన్నీ ఉన్నచోటే ఉన్నాయి: ఎక్కాలు, పాటలు, బడి, నాన్న రైలు. జ్వరం తరవాతవి మాత్రం పావుగంట దాటితే లేవు. అన్నం తిన్న చెయ్యి ఆరకముందే "అమ్మా, ఆకలేస్తోంది" అనేది. అన్నం పెట్టలేదనుకుని అలిగేది కూడా.

హైమ పనిచేసే కేంద్రంలో అప్పటికే ఒక ఊహ మొలకెత్తి ఉంది. ఏదైనా మరిచిపోకూడదనుకుంటే ఆడవాళ్లు కొంగున ముడి వేసుకుంటారు. బుర్ర మరిచినా కొంగు మరవదు. అలాంటి కొంగునొకదాన్ని మెదడుకి బయట తయారుచెయ్యాలని వాళ్ల ప్రయత్నం. దానికి కొంగుముడి అనే పేరు పెట్టారు. చెవి వెనక అతికించిన చిన్న బిళ్ల, తలలో జ్ఞాపకం పుడుతుండగానే దాన్ని పట్టి పెట్టెకి పంపుతుంది. పిల్ల దేన్నైనా గుర్తు తెచ్చుకోబోతే పెట్టె దాన్ని తిరిగి అందిస్తుంది. అంతా రెప్పపాటు పని. పెట్టెలో ఉన్నది పిల్ల తలకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు, చేసినవాళ్లకి కూడా.

జ్ఞాపకం తప్పుగా తిరిగొస్తే కొంప మునుగుతుంది. అందుకని ప్రతి సంగతినీ అయిదుగురికి అప్పజెప్పారు. అయిదుగురంటే మనుషులు కారు, అయిదు ప్రోగ్రాములు. అడిగినప్పుడు వాళ్లలో ముగ్గురైనా ఒకే మాట చెప్పాలి. పంచాయతీ లాంటిదనుకోండి. ఇద్దరు మాయమైపోయినా మిగిలిన ముగ్గురూ బండి లాగించేస్తారు. ఆ అయిదుగురూ అయిదు ఊళ్లలో, అయిదు మిషన్లలో ఉండాలని, ఒక ఊరిని తుఫాను ముంచినా ఇంకో ఊరు నిలబడాలని నియమం రాసింది హైమే. ఉండబోయే ఊళ్ల పేర్లే వాళ్లకి పెట్టింది.

మిషన్లు రావడానికి టైము పడుతుంది కాబట్టి, ముందు పరీక్ష కోసం అయిదుగురినీ ఈ ఒక్క నల్ల పెట్టెలోనే నడిపారు. నిజంగా ఊళ్లలో ఉన్నట్టే అనిపించాలని ఇమ్రాన్ చిన్న మాయ చేశాడు. విజయనగరం అడగ్గానే పలకాలి. కడప దూరం కనక ఒక పిసరు ఆలస్యంగా పలకాలి. ఆ మాయ ఎంత బాగా కుదిరిందంటే చేసినవాళ్లే నమ్మేశారు. "నెల్లూరాయన ఒప్పుకున్నాడు, కడపాయన ఇంకా నానుస్తున్నాడు" అని మాట్లాడుకునేవారు. దీక్షితులుగారు చూడ్డానికొచ్చిన పెద్దమనుషులకి తెర మీద అయిదు పచ్చదీపాలు చూపించి "అయిదూళ్లండీ!" అనేవారు. అబద్ధమాడాలని కాదు, ఆయనకి నిజంగా అలాగే కనబడేది.

మిషన్లు వచ్చేదాకా ఆగకుండా తరళకి బిళ్ల అతికిద్దామన్నది కూడా హైమే. కన్నతల్లి ఆగగలదా? అతికించిన సాయంత్రం తరళ అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కథల పుస్తకం చదువుకుని, గంట తరవాత వచ్చి "అమ్మా, ఇందాకటి వంకాయ కూర మళ్లీ రేపు చేస్తావా?" అని అడిగింది. హైమ గోడకి ఆనుకుని బావురుమంది. పక్కనే ఉన్న భర్త కామేశ్ ఆమెని ఊరుకోబెట్టే పని మానేసి తనూ ఏడ్చాడు.

*

కామేశ్ గూడ్సు బండి గార్డు. వాళ్లిల్లు గోపాలపట్నంలో పట్టాల పక్కనే. తన బండి ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు చివరి డబ్బాలో నిలబడి పచ్చజెండా ఊపేవాడు. తరళ డాబా మీద నుంచి రెండు చేతులూ ఊపేది. మాటలు నేర్చిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటది. జ్వరం కూడా దాన్ని తుడవలేకపోయింది.

ఆ మనిషి నిరుడు గుండె జబ్బుతో పోయాడు. ఆసుపత్రిలో ఆఖరి రోజు మధ్యాహ్నం హైమతో, "నువ్వెళ్లి కాఫీ తాగిరా. నేనూ అమ్మడూ మాట్లాడుకోవాలి," అన్నాడు. హైమ బయటికి వెళ్లింది. తలుపు అద్దంలోంచి చూసింది. తరళ ఆయన మీదకి వంగింది. ఆయన దాని చెవిలో ఏదో చెప్తున్నాడు, పిల్ల బుర్ర ఊపుతోంది. ఒకసారి నవ్వింది కూడా. సాయంత్రానికి ఆయన లేడు.

"నాన్న ఏం చెప్పారే?" అని హైమ కొన్నాళ్లకి అడిగింది.

"చెప్పను. నాకు పదిహేనేళ్లొచ్చాక నీకు చెప్పమన్నాడు."

"నాతో కూడా చెప్పకూడని సంగతా?"

"నాకూ నాన్నకీ సంగతి. అంతే."

హైమకి కాస్త కుళ్లుగానే అనిపించింది. పోనీలే అనుకుంది. ఎక్కడికి పోతుంది, అయిదుగురి దగ్గర భద్రంగా ఉంది కదా అనుకుంది.

తరళ ఏడ్చింది, అన్నం మానేసింది, డాబా ఎక్కడం మానేసింది. నెలలు గడిచాక ఒకనాడు తనే మళ్లీ డాబా ఎక్కి, ఎవరో తెలియని గార్డుకి చెయ్యి ఊపింది. ఆ గార్డు కూడా జెండా ఊపాడు. కిందకి దిగొచ్చి, "అందరు గార్డులూ ఊపుతారమ్మా, నాన్న ఒక్కడే అనుకున్నాను," అంది. ఏడుపు లేదు గొంతులో. ఆ రోజు హైమ నమ్మింది, పిల్ల గట్టెక్కిందని.

అయితే మధ్యలో ఒకటి జరిగింది. కేంద్రంలో బ్యాటరీలు మార్చడానికి అరగంట పాటు పెట్టె ఆపారు. చెప్పి ఆపిందే. ఆ అరగంటలో తరళ వీధి గుమ్మం దాకా వెళ్లొచ్చి, "నాన్న ఇంకా డ్యూటీ దిగలేదా?" అంది. హైమ తడబడి నిజం చెప్పేసింది. పిల్ల నేల మీద పడి కొట్టుకుంది. అప్పుడే వింటున్నట్టు, మొదటిసారి వింటున్నట్టు ఏడ్చింది. పెట్టె మళ్లీ నడిచేసరికి కళ్లు తుడుచుకుని, "నేనెందుకు కింద పడుకున్నాను?" అని ఆశ్చర్యపోయింది. ఆ అరగంట ఆమెకి లేనే లేదు. హైమకి మాత్రం ఉండిపోయింది.

*

ఆయుధపూజ ప్రసాదం తింటూ ఇమ్రాన్ మళ్లీ ఆ మాటెత్తాడు. వరండాలో నాలుగు అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మిగతా నాలుగు మిషన్లూ వచ్చి చాలా కాలమైంది. ఇప్పుడు వాటి మీద జనం టీ గ్లాసులు పెట్టుకుంటున్నారు.

"మేడమ్, ఇవాళ పనిముట్లకి విశ్రాంతి ఇవ్వాలంటారు కదా. ఆ వంకతో ఆపేద్దాం. రెండు రోజులు. అయిదుగురినీ విడదీసి ఎవరి ఊరికి వాళ్లని పంపించేద్దాం. నాన్-స్టాప్‌గా నడుస్తుంటే విడదీయలేం. సగం మాట ఇక్కడ, సగం అక్కడ అయిపోతుంది."

"రెండు రోజులా?"

"ఎంత తొందరపడ్డా రెండు రోజులు పడుతుంది."

రెండు రోజులంటే ఎన్ని పావుగంటలో హైమ లెక్క వేసుకోలేదు. వేసుకోవాలనిపించలేదు. నాన్న ఏడీ అని అడిగే పిల్ల మొహం కళ్ల ముందు కదిలింది.

"దీపావళి వెళ్లనీ ఇమ్రాన్. పండగపూట దాన్ని ఏడిపించలేను."

"ఉగాదికీ ఇదే అన్నారు మేడమ్."

"ప్రస్తుతానికి ఇలాగే ఉండనీ. బాగానే నడుస్తోందిగా!"

ఆమె చెప్పిందంతా నిజమే. బాగానే నడుస్తోంది. ఇమ్రాన్ మిగిలిన లడ్డూ నోట్లో పెట్టుకున్నాడు.

*

కార్తీకంలో ఒక శనివారం. బయట ముసురు. కేంద్రానికి సెలవు. హైమ వంటింట్లో బజ్జీలు వేస్తోంది. తరళ గట్టు మీద కూచుని అరటికాయ చక్రాలు అందిస్తోంది. కామేశ్ అక్క వరాలత్త, తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ భీమిలి ఇంటికి తాళం పెట్టి వీళ్లతోనే ఉంటోంది; ఆమె గుమ్మంలో కూచుని పిల్ల కబుర్లకి ఊఁ కొడుతోంది.

"అప్పుడు మా టీచర్ ఏమందో తెలుసా అత్తా? నువ్వు రాణి వేషం కట్టు, కానీ కిరీటం మాత్రం..."

మాట ఆగిపోయింది. హైమ తిరిగి చూసింది. తరళ చేతిలోని అరటికాయ చక్రం వంక చూస్తోంది. తరవాత ఆ చేతి వంక చూసింది. చెయ్యి వెనక్కీ ముందుకీ తిప్పింది.

"అమ్మా, నా చేతులు ఇంత పొడుగైపోయాయేంటి?"

హైమ స్టవ్ ఆపేసింది.

"నాన్న బండి వెళ్లిపోయిందా? నన్ను లేపలేదేం?" తరళ గట్టు దిగి డాబా మెట్ల వైపు పరిగెత్తింది. దిగడంలో ఒక అంచనా ఉంటుంది కదా, తొమ్మిదేళ్ల పిల్ల కాళ్లకి గట్టు ఎంత ఎత్తో అంత అనుకుని దూకింది. తూలి పడబోయి నిలదొక్కుకుంది.

హైమ ఫోన్ తీసి చూసింది. కేంద్రంలో తెర మీద కనబడే పచ్చదీపాలే అందులోనూ కనబడతాయి; అయిదూ ఆరిపోయి ఉన్నాయి. ఒకటి తరవాత ఒకటి కాదు, అన్నీ ఒకే క్షణంలో. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే కడపాయన కూడా ఆ రోజు ఆలస్యం చెయ్యలేదు.

పిల్లని వరాలత్తకి అప్పజెప్పి, కరెంటు పోయుంటుందిలే, కరెంటే అయ్యుంటుంది అని పైకే అనుకుంటూ వానలో బండి తీసింది.

ఇమ్రాన్ ఆమె కన్నా ముందు చేరాడు. చెప్పుల్లేకుండా గదిలో నీళ్లలో నిలబడి, చొక్కా విప్పేసి దాంతో పెట్టెని తుడుస్తున్నాడు. ముసురుకి నీళ్లు ఎక్కువై ఏసీ పైపు పూర్తిగా ఊడింది. నీళ్లు చుక్కలుగా కాకుండా ధారగా, బకెట్‌లో కాకుండా ఇవతలకి, సరిగ్గా పెట్టె నెత్తి మీద పడ్డాయి. ఎంతసేపటి నుంచి పడుతున్నాయో చూసినవాళ్లు లేరు. ఆకుపచ్చ బకెట్ మాత్రం పొడిగా ఉంది.

పెట్టె ముందు తరళ పెట్టిన కుంకుమ కరిగి కారింది. అయిదు చోట్ల నుంచి బయల్దేరి, కిందకి వచ్చేసరికి అంతా కలిసి ఒకటే చారికయింది. ఎడంగా పెట్టిన కడప బొట్టు కూడా అందులోనే కలిసింది.

"ఆరబెడదాం మేడమ్," అన్నాడు ఇమ్రాన్. "ఆరితే పలుకుతాయి. ఇద్దరు పోయినా ముగ్గురు చాలు కదా. మనమే రాశాం కదా, ముగ్గురు చాలని!" ఆ మాట అంటూ అంటూ అతనికే ఏడుపొచ్చేసింది.

ఆరబెట్టారు. బెంగళూరులో పాడైన డిస్కులు బాగుచేసేవాళ్లకి పంపారు. లోపల షార్ట్ అయి అంతా కాలిపోయిందని, ఏమీ తీయలేమని కబురొచ్చింది.

దీక్షితులుగారు ఆ కబురు రెండుసార్లు చదువుకున్నారు. ఆఖరికి అడిగారు: "విడిగా ఒక నకలు తీసి ఎక్కడైనా ఉంచారామ్మా?"

"అయిదు నకళ్లున్నాయి కదండీ," అంది హైమ. "ఆరోది ఎందుకని..."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తిట్టి ఉంటే హైమకి కాస్త తేలిగ్గా ఉండేది.

*

మొదటి సాయంత్రం హైమ నిజమే చెప్పింది. తరళ "అబద్ధం" అని అరిచింది. "నువ్వు మంచిదానివి కాదు," అంది. ఏడ్చి ఏడ్చి హైమ ఒళ్లోనే సొమ్మసిల్లినట్టు పడుకుంది. పావుగంటకి లేచి, తడిసిన బుగ్గలు తడుముకుని, "నాన్న వచ్చాడా?" అంది.

హైమ రెండోసారీ చెప్పింది. అదే ఏడుపు, మొదటి నుంచీ. మూడోసారి అడిగినప్పుడు హైమ పిల్ల బుగ్గలు కొంగుతో తుడిచింది. వరాలత్త లోపల్నుంచి గబగబా వచ్చింది.

"డూటీకెళ్లాడమ్మా మీ నాన. రేపొచ్చేత్తాడు," అంది.

"అవునా!" అని తరళ మొహం విప్పారింది.

వరాలత్త హైమని వంటింట్లోకి లాక్కెళ్లింది. "నీకేటైనా మతిపోయిందేటే? గంటకోపాలి నా తమ్ముణ్ని సంపుతావేటి ఆ గుంట ముందర? డూటీకెళ్లాడని సెప్పీ. ప్రస్తుతానికి. తరవాత సంగతి తరవాత సూసుకుందాం."

ప్రస్తుతానికి. హైమ అన్నాళ్లూ తనే అంటూ వచ్చిన మాట అది. కానీ కాదనలేకపోయింది. ఆ రోజు నుంచీ కామేశ్ డ్యూటీలోనే ఉన్నాడు.

అసలు దారుణం అది కాదు, పిల్ల సంతోషంగా ఉండటం. రైలు కూత వినబడగానే డాబా మీదకి పరుగు. చివరి డబ్బాలో ఎవరో ఒక గార్డు, దూరం నుంచి మొహం ఎక్కడ తెలుస్తుంది? జెండా ఊపేవాడు. తరళ కేకలేసుకుంటూ కిందకి దిగేది. "అమ్మా, నాన్న నన్ను చూశాడు!" పావుగంటకి మరిచిపోయేది. మళ్లీ ఇంకో బండి, ఇంకో నాన్న. రోజుకి ఎన్నోసార్లు ఆ పిల్లకి తండ్రి దొరికేవాడు. హైమ మెట్ల కింద నిలబడి, "అవునా తల్లీ, చూశారా?" అనేది. అని వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకునేది.

అట్టపెట్టెల మీది టీ గ్లాసులు తీసేశారు. ఏసీ పైపు బాగుచేయించారు. పోయిన పెట్టెకి బదులు ఒకటి తెప్పించారు. ఇమ్రాన్ తను చేసిన దూరాల మాయని ప్రోగ్రాములోంచి తీసిపారేశాడు. తరవాత మిషన్లని తనే వెంటబెట్టుకుని ఊరూరూ తిరిగాడు. కొరియర్‌లో పంపమంటే ససేమిరా అన్నాడు. సీట్లో పక్కన కూచోబెట్టుకుని, తాడుతో కట్టి తీసుకెళ్లాడు. ఒక్కో దీపం వెలిగినప్పుడల్లా హైమకి సంతోషం రావాల్సింది, భయమేసేది. అయిదూ వెలిగాక ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. కొంగుముడిలో వెయ్యాల్సిన మొదటి ముడి ఏదో కూడా తెలుసు.

"వొద్దే హైమా," అంది వరాలత్త. ఈసారి కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. "దానికి ఆడు బతికే ఉన్నాడు. ఉండనీ. ఎవురికేటి నట్టం?"

"అది పెరగాలి కదా వదినా. తొమ్మిదేళ్ల దగ్గరే ఎన్నాళ్లు నిలబెడతాం? రేపు అనేది ఒకటి ఉందని దానికి తెలియనే తెలియదు."

"తెలిసి ఏటి సుకం?"

వరాలత్త ముక్కు చీదుకుని, పిల్లకి జడ వెయ్యడానికి దువ్వెన తీసుకుని వెళ్లిపోయింది.

ఒకరోజు పొద్దున్నే ఇమ్రాన్ ఫోన్ చేశాడు.

"కడప చేరాను మేడమ్. పెట్టేశాను, నడుస్తోంది." కాస్త ఆగి, "ఈసారి ఆలస్యం నిజమైంది మేడమ్," అన్నాడు.

*

హైమ తరళని డాబా మీదకి తీసుకెళ్లి, పిట్టగోడ పక్కన కూచోబెట్టి, చెవి వెనక బిళ్ల అతికించింది. ఎండ ఇంకా ముదరలేదు. పట్టాల మీద బళ్లేమీ లేవు.

"ఇదేంటమ్మా?"

"కొంగుముడి. ఇకమీదట నువ్వేదీ మరిచిపోవు."

"నేనేం మరిచిపోయాను?"

హైమ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చెప్పింది. జ్వరం సంగతి చెప్పింది, మూడేళ్ల సంగతి చెప్పింది, పెట్టె తడిసిన సంగతి, అది తన వల్లే తడిసిందన్న సంగతి కూడా చెప్పింది. తరవాత నాన్న సంగతి చెప్పింది. చెప్తుండగా దూరంగా గూడ్సు బండి కూత వేసింది. తరళ లేవబోయింది. హైమ చేతులు వదల్లేదు. బండి వాళ్ల ముందు నుంచే వెళ్లింది. చివరి డబ్బాలో గార్డు అలవాటుకొద్దీ జెండా ఊపాడు. తరళ కళ్లు చికిలించి, ఈసారి జాగ్రత్తగా చూసింది. ఆయనకి మీసాలున్నాయి. కామేశ్‌కి లేవు.

ఆ ఏడుపు గురించి చెప్పడానికేమీ లేదు. హైమ దాన్ని అంతకు ముందు చాలాసార్లు విన్నదే. వరాలత్త మెట్ల మీద కూచుని మోకాళ్లలో మొహం దాచుకుంది.

పావుగంట అయింది. హైమ గడియారం చూస్తూ కూచుంది. అరగంట అయింది. తరళ ఏడుస్తూనే ఉంది గానీ, నాన్న వచ్చాడా అని అడగలేదు. ముడి పడింది. ఎంతో కష్టపడి చేసిన పని అది, నెగ్గింది.

మధ్యాహ్నం తరళ అన్నం ముందు కూచుంది గానీ తినలేదు. సాయంత్రం దాకా గదిలో గోడ వైపు తిరిగి పడుకుంది. దీపాలు పెట్టే వేళకి లేచొచ్చి తల్లి పక్కన కూచుంది. గొంతు బొంగురుపోయి ఉంది.

"నాన్న పోయినప్పుడు నేనెక్కడున్నానమ్మా?"

"పక్కనే ఉన్నావు. ఆసుపత్రిలో."

"నాతో మాట్లాడాడా?"

"మాట్లాడారు. నన్ను బయటికి పంపించేసి మరీ, నీ చెవిలో చెప్పారు. నువ్వు నవ్వావు కూడా."

తరళ తల్లి వైపు తిరిగింది. ఆ రోజంతటిలో మొదటిసారి ఆ కళ్లలో ఏదో వెలిగింది. "ఏం చెప్పాడు?"

హైమకి ఏదో ఒక మాట నోటి దాకా వచ్చింది. బాగా చదువుకోమన్నారు అనొచ్చు. అమ్మని చూసుకోమన్నారు అనొచ్చు. ఏదన్నా పిల్ల నమ్ముతుంది. కాదనడానికి లోకంలో ఇంకెవరూ లేరు. అయిదుగురు కాదు, ఒక్కడైనా లేడు. పిల్ల ఆ మాటని గుండెకి హత్తుకుని జన్మంతా బతుకుతుంది. హైమ ఆ కళ్లలోకి చూసింది. ఈ పిల్ల పదిహేనో ఏట తనకి చెప్పాల్సిన మాట అది.

"తెలీదమ్మా," అంది. "నువ్వు నాకు చెప్పలేదు. నేను గట్టిగా అడగలేదు. అది నీ ఒక్కదాని దగ్గరే ఉండేది."

తరళ మెల్లగా వంగి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. చెయ్యి చాచి తల్లి కొంగు అంచు పట్టుకుని, దాన్ని వేళ్లతో చుడుతూ, విప్పుతూ, మళ్లీ చుడుతూ ఉండిపోయింది.

పక్కన పెట్టిన ఫోన్‌లో, కొత్త ముడి పడుతున్నట్టు, దీపాలు ఒక్కొక్కటే మినుకుమని వెలిగాయి. విజయనగరం, కాకినాడ, వరంగల్, నెల్లూరు. చాలాసేపనిపించాక కడప కూడా వెలిగింది. కామేశ్ ఆఖరి మాట ఎవరికీ తెలియదన్న సంగతి అయిదూళ్లలోనూ భద్రంగా ఉంది.